‘కండక్ట్’ అనే మాట: అర్థాలు, వాడుక, తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషులో రాసిన దరఖాస్తులు, నివేదికలు, ఉత్తరాలు దిద్దే పనిలో నాకు ఎక్కువసార్లు అడ్డుపడే మాటల్లో ‘కండక్ట్’ ఒకటి. బడి రోజుల నుంచీ అందరికీ పరిచయమైన మాటే అయినా, వాక్యంలో పెట్టేసరికి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని, అడిగినవారి మాటల్లోనే, దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## అర్థం తెలుసుకునే దశ

కండక్ట్ అంటే ప్రవర్తనా, నిర్వహించడమా?

రెండూ సరైనవే. నామవాచకంగా వాడినప్పుడు దానికి ప్రధానమైన అర్థం ప్రవర్తన. క్రియగా వాడినప్పుడు ప్రధానమైన అర్థం నిర్వహించడం. అయితే ఈ గీత గట్టిది కాదు. ‘ద కండక్ట్ ఆఫ్ ద వార్’ అన్నప్పుడు అది నామవాచకమే అయినా యుద్ధం నడిపిన తీరు అని అర్థం. ‘షి కండక్టెడ్ హర్‌సెల్ఫ్ విత్ డిగ్నిటీ’ అన్నప్పుడు అది క్రియే అయినా ఆమె హుందాగా ప్రవర్తించిందని అర్థం. కాబట్టి మాట ఒంటరిగా కనిపించినప్పుడు అర్థం తేల్చుకోవడానికి తొందరపడకుండా, ఎవరి కండక్ట్, దేని కండక్ట్ అని ఒకసారి చూసుకోవాలి. మనిషిదైతే ప్రవర్తన, పనిదైతే నిర్వహణ అని చెప్పుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఒకే మాటకు ఇంత దూరపు అర్థాలు ఎలా వచ్చాయి?

దూరంగా కనిపిస్తాయి గానీ, నిజానికి అవి పక్కపక్కనే ఉన్నాయి. ఈ మాట లాటిన్‌లోని ‘కొందూకెరె’ అనే క్రియ నుంచి వచ్చింది. అందులో ‘కొన్’ అంటే కలిసి, ‘దూకెరె’ అంటే ముందుండి నడిపించడం. దారి చూపుతూ వెంట తీసుకుపోవడం మొదటి అర్థం. మనుషులకు దారి చూపడం నుంచి పనిని నడిపించడం, అక్కడి నుంచి తనను తాను నడిపించుకోవడం, అంటే ప్రవర్తించడం అనే అర్థాలు పుట్టాయి. నామవాచకానికి ఇంగ్లీషులో ప్రవర్తన అనే అర్థం స్థిరపడింది 17వ శతాబ్దంలోనే. అంతకుముందు దానికి తోడు వెళ్లడం, రక్షణగా తీసుకుపోవడం అనే అర్థాలు ఉండేవి.

ఇది తెలుగువారికి వింతగా తోచనక్కర్లేదు. మనకు ‘నడ’ అనే ధాతువు నుంచి నడక వచ్చింది, నడత వచ్చింది, నడవడిక వచ్చింది, నడపడమూ నడిపించడమూ వచ్చాయి. ‘సభ నడిపారు’ అనీ ‘అతని నడత మంచిది’ అనీ ఒకే ఊపిరిలో అనగలిగిన మనకు, కండక్ట్ రెండు అర్థాలు ఎలా మోస్తోందో వేరే వివరించనక్కర్లేదు. ఫ్రెంచి వారి ‘కొండ్వీత్’ కూడా ఇలాంటిదే: దానికి ప్రవర్తన అనీ అర్థమే, వాహనం నడపడం అనీ అర్థమే. ఇంగ్లీషు మాటను ప్రవర్తన, నిర్వహణ అనే రెండు సంస్కృత పదాలతో బట్టీపట్టినప్పుడే అది రెండు ముక్కలై కనిపిస్తుంది. ‘నడ’తో చూస్తే ఒకటిగానే ఉంటుంది.

బస్సు కండక్టరుకూ రాగి తీగకూ ఈ మాటతో ఏం సంబంధం?

ఇద్దరూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చేవారే. కండక్టర్ అంటే మొదట దారి చూపి తీసుకుపోయేవాడు. బస్సులో టికెట్లు కొట్టే ఉద్యోగికి ఆ పేరు రావడానికి ప్రయాణికుల బాధ్యత అతనిది కావడమే మూలం. అమెరికా రైళ్లలో కండక్టర్ అంటే బండి మొత్తానికి బాధ్యుడు. అదే పనిని బ్రిటన్‌లో సంప్రదాయంగా గార్డు అని పిలిచారు. ఇక రాగి తీగ చేర్చేది మనుషులను కాదు, విద్యుత్తును. 1729లో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ గ్రే, విద్యుత్తు కొన్ని పదార్థాల గుండా దూరానికి పోతుందనీ కొన్నింటి గుండా పోదనీ ప్రయోగాలతో చూపాడు. ఆ తరువాతి కాలంలో అలా పోనిచ్చే పదార్థానికి కండక్టర్ అనే పేరు నిలిచింది. పిడుగును నేలలోకి దింపే కడ్డీని బ్రిటన్‌లో ‘లైట్నింగ్ కండక్టర్’ అనడం కూడా ఇందుకే.

చరిత్రలో ‘సేఫ్ కండక్ట్’ అని చదివాను. అది మంచి ప్రవర్తనా?

కాదు. అది శత్రువుల ప్రాంతం గుండా లేదా ప్రమాదకరమైన చోటుకు ఒకరిని క్షేమంగా వెళ్లి రానిస్తామని రాజు గానీ అధికారి గానీ ఇచ్చే హామీ, ఆ హామీ రాసిన పత్రం. ఇందులో కండక్ట్ పాత అర్థంలోనే, అంటే తోడు తీసుకుపోవడం అనే అర్థంలోనే మిగిలిపోయింది. బోహీమియా మత సంస్కర్త యాన్ హుస్ ఇలాంటి హామీ పత్రం ఉన్నా కాన్‌స్టాన్స్ మతసభకు వెళ్లి బంధితుడై 1415 జూలై 6న దహనానికి గురయ్యాడు. 1521లో జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ వర్మ్స్ నగరంలో జరిగిన సభకు వెళ్లినప్పుడు మాత్రం ఆయనకు ఇచ్చిన హామీ నిలిచింది. తెలుగులో దీనికి ‘అభయపత్రం’ అనవచ్చు. ‘సురక్షిత ప్రవర్తన’ అని అనువదించిన వాక్యం ఒకటి నా కంట పడింది, దానికి ఏ అర్థమూ లేదు.

## పలికే దశ, వాక్యంలో పెట్టే దశ

నామవాచకాన్నీ క్రియనూ వేరువేరుగా పలకాలా?

పలకాలి. నామవాచకంలో ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది: ‘కాన్‌డక్ట్’ అన్నట్టు వినిపిస్తుంది. క్రియలో మొదటి అక్షరం తేలిపోయి రెండోదాని మీద బరువు పడుతుంది: ‘కన్‌డక్ట్’ అన్నట్టు, ‘డక్ట్’ను నొక్కి పలకాలి. ఇంగ్లీషులో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. రికార్డ్, పర్మిట్, ఆబ్జెక్ట్, ఎక్స్‌పోర్ట్ అన్నీ నామవాచకంగా ఒకలా, క్రియగా మరోలా పలుకుతాయి. కండక్టర్ అనే మాటలో ఊనిక క్రియలోలాగే రెండో అక్షరం మీద ఉంటుంది. తెలుగులో మాట్లాడుతూ ఈ మాటలు వాడుకున్నప్పుడు మనం అన్నింటినీ ‘కండక్ట్’ అనే అంటాం, అందులో తప్పు లేదు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం ఈ తేడా పాటించడం మేలు.

‘ఎ గుడ్ కండక్ట్’, ‘దెయిర్ కండక్ట్స్’ అని రాయవచ్చా?

రాయకూడదు. ప్రవర్తన అనే అర్థంలో ఇది లెక్కపెట్టలేని నామవాచకం. దాని ముందు ‘ఎ’ రాదు, చివర ‘ఎస్’ చేరదు. ‘గుడ్ కండక్ట్’ అనో ‘దెయిర్ కండక్ట్’ అనో రాస్తే చాలు. పదిమంది ప్రవర్తన గురించి చెప్పినా అది ఏకవచనమే. నియమావళులు ఒకటికి మించి ఉన్నప్పుడు బహువచనం ‘కోడ్’కు చేరుతుంది, ‘కోడ్స్ ఆఫ్ కండక్ట్’ అవుతుంది. ‘కండక్ట్స్’ అనే రూపం కనిపిస్తే అది క్రియ అయి ఉంటుంది: ‘షి కండక్ట్స్ ద క్లాసెస్’ అన్నట్టు.

‘హి కండక్టెడ్ వెల్’ అని రాస్తే దిద్దారు. తప్పేమిటి?

ప్రవర్తించడం అనే అర్థంలో ఈ క్రియకు ‘హిమ్‌సెల్ఫ్’, ‘హర్‌సెల్ఫ్’, ‘దెమ్‌సెల్వ్స్’ లాంటి మాట తప్పనిసరి. తెలుగులో ‘అతను బాగా ప్రవర్తించాడు’ అన్నప్పుడు ‘తనను తాను’ అనే మాట అక్కర్లేదు కాబట్టి మనకు అది తట్టదు. ‘హి కండక్టెడ్ వెల్’ అని వదిలేస్తే అతను వాద్యబృందాన్ని బాగా నడిపించాడని ఇంగ్లీషు పాఠకుడు అనుకునే అవకాశం ఉంది. సరైన వాక్యం ‘హి కండక్టెడ్ హిమ్‌సెల్ఫ్ వెల్’.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఎలా ప్రవర్తించాడో చెప్పకుండా ఇక్కడ వాక్యం పూర్తికాదు. పిల్లవాడిని గదమాయించేటప్పుడు ‘బిహేవ్ యువర్‌సెల్ఫ్’ అంటే బుద్ధిగా ఉండు అని అర్థం వచ్చేస్తుంది, ఎందుకంటే ‘బిహేవ్’ ఒంటరిగా నిలిచినా అందులో మంచి నడత ఇమిడి ఉంటుంది. ‘కండక్ట్ యువర్‌సెల్ఫ్’ అని ఆపేస్తే మాత్రం, ఎలా అనే ప్రశ్న గాలిలో వేలాడుతుంది. ‘ప్రాపర్లీ’, ‘విత్ రిస్ట్రెయింట్’ లాంటి మాట ఏదో ఒకటి వెంట ఉండాలి.

తెలుగులో ‘నిర్వహించు’ అన్నచోటల్లా ఇంగ్లీషులో కండక్ట్ అనవచ్చా?

అనకూడదు. నేను దిద్దే కాగితాల్లో ఎక్కువ ఎర్రగీతలు పడేది ఇక్కడే. మన ‘నిర్వహించు’ చాలా విశాలమైన మాట: సభ నిర్వహిస్తాం, పెళ్లి నిర్వహిస్తాం, బాధ్యత నిర్వహిస్తాం, దుకాణం నిర్వహిస్తాం. ఇంగ్లీషు వారు వీటికి నాలుగు వేరు క్రియలు వాడతారు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. విదేశంలో ఉన్న పై అధికారికి సెలవు కోసం రాసిన ఉత్తరంలో ఒకరు ‘వి కండక్టెడ్ మై సిస్టర్స్ మ్యారేజ్’ అని రాశారు. రాసినవారి ఉద్దేశం చెల్లెలి పెళ్లి చేశామని. చదివిన అధికారికి మాత్రం పెళ్లితంతు జరిపించింది వీరేనేమో అనిపిస్తుంది. ఎందుకంటే ఇంగ్లీషులో పెళ్లిని ‘కండక్ట్’ చేసేది తంతు నడిపించే పురోహితుడో ఆ అధికారం ఉన్న మరొకరో. కుటుంబం చేసే పనికి ‘హోల్డ్’, ‘అరేంజ్’, ‘హోస్ట్’ లాంటి మాటలు సరిపోతాయి. లేదా ‘మై సిస్టర్ గాట్ మ్యారీడ్’ అంటే ఇంకా సహజం.

కండక్ట్ బాగా ఇమిడేది ఒక పద్ధతి ప్రకారం, మొదటి నుంచి చివరి వరకు ఒకరు నడిపించే పనులకు: ప్రయోగం, సర్వే, విచారణ, ఇంటర్వ్యూ, పరిశోధన, తనిఖీ, శిక్షణ తరగతి. విందు, పుట్టినరోజు, ఉత్సవం లాంటివాటికి అది బరువు. సమావేశం విషయంలో సన్నని తేడా ఉంది: ‘హెల్డ్ ఎ మీటింగ్’ అంటే సమావేశం జరిపారని, ‘కండక్టెడ్ ద మీటింగ్’ అంటే కుర్చీలో కూర్చుని దాన్ని నడిపించారని. బాధ్యత అయితే ‘డిశ్చార్జ్’ లేదా ‘ఫుల్‌ఫిల్’, దుకాణం అయితే ‘రన్’. పరీక్షల విషయంలో మన దేశపు ఇంగ్లీషులో ‘కండక్ట్ ద ఎగ్జామ్’ స్థిరపడిపోయింది, దాన్ని నేను దిద్దను. బయటి దేశాల పాఠకులకు రాసేటప్పుడు ‘హోల్డ్’ అంటే మరింత సాఫీగా ఉంటుంది.

‘కండక్టెడ్ టూర్’ అంటే ఏమిటి?

వెంట ఒక మార్గదర్శి ఉండి చూపించే యాత్ర. ‘గైడెడ్ టూర్’ అన్నా అదే.

‘కండ్యూసివ్’ కూడా దీని బంధువేనా? దాని తరువాత ‘ఫర్’ రావాలా, ‘టు’ రావాలా?

బంధువే, అదే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. ఒక ఫలితం వైపు తీసుకుపోయేది, అందుకు అనుకూలమైనది అని అర్థం. తీసుకుపోవడం అనే భావం ఉంది కాబట్టి వెంట ‘టు’ వస్తుంది: ‘కండ్యూసివ్ టు లెర్నింగ్’. తెలుగులో ‘చదువు కోసం అనుకూలం’ అనుకుని ‘ఫర్’ రాయడం మన అలవాటు.

## దగ్గరి మాటలతో పోల్చే దశ

కండక్ట్‌కూ బిహేవియర్‌కూ తేడా ఉందా, లేక ఒకటి కొంచెం గంభీరమైన మాట మాత్రమేనా?

గంభీరతలో తేడా ఉన్న మాట నిజమే గానీ, అసలు తేడా బాధ్యతలో ఉంది. బిహేవియర్ దేనికైనా ఉంటుంది: చీమలకు, కోతులకు, స్టాక్ మార్కెట్లకు, వేడెక్కిన లోహానికి, కంప్యూటర్ ప్రోగ్రాముకు. కండక్ట్ మాత్రం మంచిచెడ్డలు ఎంచుకోగలిగిన, అందుకు జవాబు చెప్పవలసిన మనిషికే ఉంటుంది. ‘ద బిహేవియర్ ఆఫ్ బీస్’ అంటే తేనెటీగల తీరు. ‘ద కండక్ట్ ఆఫ్ బీస్’ అంటే తేనెటీగల మీద ఎవరో అభియోగం మోపినట్టుంటుంది. అందుకే శాస్త్రవేత్తలు బిహేవియర్‌ను అధ్యయనం చేస్తారు, న్యాయస్థానాలూ క్రమశిక్షణ సంఘాలూ కండక్ట్‌ను విచారిస్తాయి.

ఈ తేడాకు ఒక మినహాయింపు చెప్పాలి. పిల్లల మానసిక వైద్యంలో ‘కండక్ట్ డిజార్డర్’ అనే నిర్ధారణ ఉంది. ఇతరుల హక్కులను, వయసుకు తగిన నియమాలను పదేపదే ఉల్లంఘించే ధోరణి సాగుతున్నప్పుడు వైద్యులు ఆ పేరు వాడతారు. అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ తగిలించే మాట కాదది.

మిస్‌కండక్ట్, మిస్‌బిహేవియర్ ఒకటేనా?

కాదు, బరువు వేరు. తరగతిలో అల్లరి, విందులో అమర్యాద మిస్‌బిహేవియర్. ఒక పదవిలో గానీ వృత్తిలో గానీ ఉన్నవారు ఆ బాధ్యతకు సంబంధించిన నియమాన్ని ఉల్లంఘిస్తే అది మిస్‌కండక్ట్. రోగి రహస్యాన్ని బయటపెట్టిన వైద్యుడిది, సాక్ష్యాన్ని దాచిన న్యాయవాదిది, లెక్కలు మార్చిన పరిశోధకుడిది మిస్‌కండక్ట్. ‘గ్రాస్ మిస్‌కండక్ట్’ అని రాస్తే ఉద్యోగం నుంచి వెంటనే తొలగించదగినంత తీవ్రమైనదని సాధారణంగా అర్థం. కాబట్టి ఎవరి మీదైనా ఫిర్యాదు రాసేటప్పుడు, కోపంలో ఉన్నా సరే, ఈ మాటను ఆచితూచి వాడాలి.

మేనర్స్, ఆటిట్యూడ్, క్యారెక్టర్ లకూ దీనికీ ఎక్కడ తేడా?

మేనర్స్ అంటే పలకరింపు, మర్యాద లాంటి పైపై పద్ధతులు. ఆటిట్యూడ్ మనసులో ఉండే వైఖరి. తెలుగులో మనం ‘వాడికి ఆటిట్యూడ్ ఎక్కువ’ అంటే పొగరని అర్థం, ఇంగ్లీషు వాడుకలోనూ ఆ ఛాయ ఉంది. క్యారెక్టర్ అనేది ఏళ్ల తరబడి గట్టిపడిన శీలం. కండక్ట్ వీటి మధ్య నిలుస్తుంది: బయటికి కనిపించే చేత, దానికి సాక్షులు ఉండగలరు. మేనర్స్ చక్కగా ఉండి కండక్ట్ నీచంగా ఉన్నవారు ప్రతి కార్యాలయంలోనూ ఒకరైనా కనిపిస్తారు.

## కాగితాల దశ

విదేశీ దరఖాస్తులో ‘సర్టిఫికెట్ ఆఫ్ గుడ్ కండక్ట్’ అడిగారు. కాలేజీ ఇచ్చిన కండక్ట్ సర్టిఫికెట్ పంపితే సరిపోతుందా?

సాధారణంగా సరిపోదు. విద్యాసంస్థ ఇచ్చే కండక్ట్ సర్టిఫికెట్, అక్కడ చదివిన కాలంలో విద్యార్థి ప్రవర్తన బాగుందని చెప్పే కాగితం. వీసాల, విదేశీ ఉద్యోగాల దరఖాస్తుల్లో అదే పేరుతో అడిగేది చాలావరకు పోలీసు రికార్డు పత్రం, అంటే నేరచరిత్ర లేదని ప్రభుత్వం తరఫున ఇచ్చే ధ్రువీకరణ. జర్మనీలో ‘ఫ్యూరుంగ్స్‌త్సోయ్‌గ్‌నిస్’ అనే పత్రాన్ని ఇంగ్లీషులోకి ‘సర్టిఫికెట్ ఆఫ్ గుడ్ కండక్ట్’ అనే అనువదిస్తారు, అది కూడా నేరచరిత్రకు సంబంధించినదే. (ఆ జర్మన్ మాటలోని ‘ఫ్యూరుంగ్’కు మూలార్థం నడిపించడమే కావడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.) అడిగిన కార్యాలయం ఇచ్చిన సూచనల్లో పత్రాన్ని జారీ చేయవలసింది ఎవరో రాసి ఉంటుంది, పేరును బట్టి కాక దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

‘కోడ్ ఆఫ్ కండక్ట్’ చట్టమా, సలహా పత్రమా?

రెండూ కావచ్చు, లేదా మధ్యస్థంగానూ ఉండవచ్చు. ఒక సంస్థ గానీ వృత్తి సంఘం గానీ తన సభ్యులు ఎలా నడుచుకోవాలో రాసి పెట్టుకున్న నియమాల పట్టిక అది. చట్టం దానికి ఆధారంగా ఉంటే చట్టబలం వస్తుంది. ఉద్యోగ ఒప్పందంలో భాగమైతే ఒప్పందబలం వస్తుంది. ఏదీ లేకపోతే నైతిక ఒత్తిడి మాత్రమే మిగులుతుంది. ‘కోడ్ ఆఫ్ ఎథిక్స్’ విలువలను చెబుతుంది, కోడ్ ఆఫ్ కండక్ట్ పనులను చెబుతుంది. ‘నిజాయితీగా ఉండాలి’ అన్నది మొదటి రకం వాక్యం; ‘సరఫరాదారుల నుంచి బహుమతులు తీసుకోకూడదు’ అన్నది రెండో రకం.

నోటీసులో ‘కండక్ట్ అన్‌బికమింగ్’ అని ఉంది. ‘బికమ్’కు అవడం కదా అర్థం?

ఇక్కడ కాదు. ‘బికమ్’కు తగి ఉండటం, నప్పడం అనే పాత అర్థం ఒకటి ఉంది. కాబట్టి ‘అన్‌బికమింగ్’ అంటే ఆ హోదాకు తగనిది. ఫలానా నియమం మీరారని చూపలేకపోయినా, పదవి గౌరవాన్ని తగ్గించే పని చేశారని ఆరోపించడానికి ఈ మాట వాడతారు. అమెరికా సైనిక చట్టంలో అధికారులకు ఈ పేరుతోనే ఒక నేరం ఉంది.

‘డిజార్డర్లీ కండక్ట్’ అంటే?

బహిరంగంగా శాంతిభంగం కలిగించే ప్రవర్తన. అమెరికాలోని రాష్ట్రాల చట్టాల్లో ఇది సాధారణంగా చిన్న నేరాల కోవకు చెందుతుంది.

## సైన్సు, సంగీతం దశ

కండక్షన్, కండక్టెన్స్, కండక్టివిటీ: మూడూ ఒకేలా ఉన్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

కండక్షన్ ఒక ప్రక్రియ: వేడి గానీ విద్యుత్తు గానీ పదార్థం గుండా సాగిపోవడం, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘వహనం’ అంటారు. కండక్టెన్స్ ఒక వస్తువుకు సంబంధించిన కొలత; తీగ పొడవు పెరిగితే తగ్గుతుంది, మందం పెరిగితే పెరుగుతుంది, ప్రమాణం సీమెన్స్. కండక్టివిటీ పదార్థం గుణం. అదే ఉష్ణోగ్రతలో తీగ పొట్టిదైనా పొడవుదైనా రాగికి అది ఒకటే. సాధారణ పరిస్థితుల్లో లోహాలన్నిటిలో వెండి ముందుంటుంది, దాని తరువాత రాగి. 1911లో డచ్ శాస్త్రవేత్త హెయికె కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని దాదాపు 4.2 కెల్విన్ల వరకు చల్లబరిచినప్పుడు విద్యుత్తుకు అది చూపే నిరోధం ఒక్కసారిగా మాయమైంది. అదే సూపర్ కండక్టివిటీ, అంటే అతివాహకత.

ఆర్కెస్ట్రా కండక్టర్ వాద్యమేమీ వాయించడు కదా, ఆయన చేసేదేమిటి?

లయ చూపడం, ఎవరు ఎప్పుడు అందుకోవాలో సైగ చేయడం, ధ్వని హెచ్చుతగ్గులు నిర్ణయించడం, అన్నిటికన్నా ముఖ్యంగా సాధన సమయంలో వాద్యకారులందరినీ ఒకే భావానికి తీసుకురావడం. ఇప్పటి సన్నని బెత్తం లేని రోజుల్లో, కొందరు పొడవైన కర్రను నేలకు కొడుతూ లయ చూపేవారు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ శస్త్రచికిత్స నుంచి కోలుకున్నందుకు 1687 జనవరిలో జరిగిన సంగీత కార్యక్రమంలో ఆస్థాన సంగీతకారుడు జాన్ బాప్టిస్ట్ లుల్లీ ఆ కర్రతో పొరపాటున తన కాలి మీదే కొట్టుకున్నాడు. పుండు కుళ్లింది, ఆయన మార్చిలో మరణించాడు.

## తెలుగులోకి తెచ్చే దశ

తెలుగులో రాసేటప్పుడు కండక్ట్‌కు ఏ మాట వాడాలి?

సందర్భాన్ని బట్టి మారుతుంది. అధికారిక పత్రాల్లో ‘ప్రవర్తన’ స్థిరపడింది. కోడ్ ఆఫ్ కండక్ట్‌కు ‘ప్రవర్తనా నియమావళి’ అందరికీ తెలిసిన మాట. జైలు నుంచి ముందుగా విడుదలైన ఖైదీ విషయంలో పత్రికలు ‘సత్ప్రవర్తన’ అని రాస్తాయి, అది చక్కగా కుదిరింది. మిస్‌కండక్ట్‌కు ‘దుష్ప్రవర్తన’ అని రాస్తుంటారు గానీ, ఆ మాట వినగానే తాగి గొడవ చేసిన మనిషి గుర్తుకొస్తాడు. లెక్కలు తారుమారు చేసిన పరిశోధకుడి గురించి రాసేటప్పుడు ‘వృత్తిధర్మ ఉల్లంఘన’ అంటే విషయం సూటిగా తెలుస్తుంది. వ్యక్తి గురించి ఆత్మీయంగా రాసేచోట ‘నడత’, ‘నడవడిక’ నాకు ఎక్కువ ఇష్టం. సర్వేకు, విచారణకు ‘జరిపారు’ అనే చిన్న మాట చాలు. పత్రికా వార్తల్లో ప్రతిచోటా ‘నిర్వహించారు’ అని రాయడం అలవాటుగా మారిందే తప్ప అవసరం కాదు. విజ్ఞానశాస్త్రంలో ‘వాహకం’, ‘అర్ధవాహకం’ స్థిరపడ్డాయి. బస్సులో ఉన్నాయన మాత్రం కండక్టరే. ఆయనకు తెలుగు పేరు వెతికితే ప్రయాణికులకు అర్థం కాదు.